నడిమి తలుపు

ఆ రోజు పొద్దున ఎనిమిది గంటలకి నా చేతిలో ఉన్న సరుకు ఇది. పదకొండు తలుపులు, పంతొమ్మిది కిటికీలు, ముసురు పట్టేలోగా మిగిలిన రెండు పొడి రోజులు, నేనేం చెప్పినా నమ్మే తమ్ముడు ఒకడు. వీటిలో గట్టిది ఏదని ఎవరైనా అడిగుంటే, తడుముకోకుండా తమ్ముణ్ణే చూపించేవాణ్ణి.

పదకొండయ్యేసరికి వెనక వాటాలో మరదలి గది తలుపు మూతపడి మూడు గంటలైంది.

"ఇంకా తియ్యలేదా?" కొట్లోంచి ఇంట్లోకి వస్తూనే అడిగాను.

"తీస్తుందా?" అంది మా ఆవిడ, చేతిలో బట్ట పిండుతూ. "వేరు వంటిల్లు కావాలని పోయిన వారం నోరు విప్పింది కదా. అది కుదర్లేదు. ఇప్పుడు గడియ వేసుక్కూచుంది. మీ తమ్ముడేమో గుమ్మం ముందు స్టూలేసుకుని కాపలా."

"పొద్దున నువ్వేమైనా అన్నావా?"

"నేనేమంటాను? చలిగాలి మొదలైంది, తలుపులు మూసుకోవచ్చా అక్కా అని అడిగింది. మా వైపువి మూడో రోజుకే ఎండాయి, మీవి ఐదో రోజుకీ ఎండలేదంటే తడి చేతుల్తో ముట్టుకుంటున్నారేమో అన్నాను. తప్పా?"

"తప్పు కాదు" అన్నాను. నిజంగానే తప్పు కాదు. తెలియకుండా అన్న మాట అది. తెలిసి అనాల్సినవాణ్ణి నేను, నేను కొట్లో ఉన్నాను.

ఏటా చలికాలం ముందు మా ఇంట్లో ఇదే తంతు. కిటికీలూ తలుపులూ ఉప్పు కాగితంతో రుద్ది, పగుళ్లలో లప్పం కూరి, అవిసె నూనె పట్టించి, ఆ పైన వార్నిష్ రెండు చేతులు కొడితే గానీ మా ఇంటి కొయ్య ఆ నాలుగు నెలల చెమ్మకి ఆగదు. ఒక్క ఏడు మానేస్తే చట్రాలు ఉబ్బి, తలుపులు గుమ్మాల్లో ఇరుక్కుంటాయి. ఊళ్లో సగం మందికి ఆ నూనే, ఆ వార్నిషే అమ్మేది నేను. కాబట్టి మా ఇంటి తలుపులు మా కొట్టు బోర్డు లాంటివి.

ముందు వాటా తలుపులు, అంటే. వెనక వాటా తలుపులు ఎవరు చూస్తారు?

నేను వెనక్కి వెళ్లేసరికి తమ్ముడు స్టూలు మీద ముందుకి వంగి, తలుపుకి మొహం ఆనించకుండా, అరచేతి దూరంలో పెట్టి మాట్లాడుతున్నాడు. పొద్దుట్నుంచి గడ్డం గీసుకోలేదు. సరుకు బండి తోలాల్సినవాడు, తువ్వాలు భుజాన వేసుకుని అలాగే ఉన్నాడు.

"టీ అయినా తాగు. వెనక కిటికీ దగ్గరికి రా, ఊచల్లోంచి అందిస్తాను."

వాడు స్టూలు ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు.

"పోనీ నాతో మాట్లాడొద్దు. మీ అక్కతో మాట్లాడు."

"నాతోనా?" నా వెనకే వచ్చిన మా ఆవిడ గొంతు తగ్గించలేదు. "నాతో మాట్లాడబట్టే కదా లోపలికి పోయింది."

"వదినా, నువ్వు కాస్త ఆగు" అన్నాడు తమ్ముడు.

తన పెళ్లయిన ఈ పద్నాలుగేళ్లలో వాడు మా ఆవిణ్ణి ఆగమనడం అదే మొదటిసారి. ఆవిడ నోరు తెరిచి, నావైపు చూసి, మూసుకుంది.

తమ్ముడు లేచి తలుపు తట్టాడు. మూడుసార్లు, గట్టిగా.

ఆ చప్పుడు గడియ వేసిన తలుపుది కాదు.

గడియ వేసిన తలుపుని తడితే రెక్క కాస్త ఊగుతుంది. లోపల గడియ టకటకమంటుంది. ఇది గోడలా మోగింది. పైనుంచి కింద దాకా ఎక్కడా ఖాళీ లేనట్టు, మొద్దుగా. ముప్పై ఏళ్లుగా ఈ సరుకు అమ్ముతున్నాను. లోపల గడియ పడలేదు. తలుపు చట్రానికి అంటుకుపోయింది.

సంగతేమిటంటే, ఈసారి కొట్టుకి కొత్త వార్నిష్ తొమ్మిది డబ్బాలే వచ్చాయి. చలి ముందు రోజులు, గిరాకీ మీద గిరాకీ. ఇంటికి నాలుగు తీసి పెట్టాను. రెండు వాటాలకీ ఎనిమిది కావాలి. కొట్టు వెనక అరలో మూడేళ్ల కిందటి డబ్బాలు ఆరున్నాయి. మూత తీస్తే మీద మీగడలా పొర. ఆ పొర పుల్లతో ఎత్తేసి, మిగిలినది బట్టలో వడగట్టి, టర్పెంటైన్ పోసి పలచన చేశాను. పని చేసే పాలిష్ మేస్త్రి ముసలాయన. ఏ కొయ్య ఎండిందో లేదో బొటనవేలు ఆనించి చెబుతాడు. అందుకే బజార్లో ఆయన్ని బొటనవేలి మేస్త్రి అంటారు. ఆయన కుంచె ముంచి, పైకెత్తి, జారే తీరు చూశాడు.

"ఇది ఎండదు యజమానీ. దీని ఆయువు అయిపోయింది."

"ఎండబెట్టే మందు రెండింతలు కలుపు."

"కలిపితే పైన ఎండుతుంది. లోపల పచ్చిగానే ఉంటుంది. చేత్తో ముడితే తెలీదు. మూసి నొక్కితే పట్టేస్తుంది."

"వారం రోజులు తెరిచి ఉంచుతాంలే. వెనక వాటాకేగా."

మేస్త్రి ఇంకేమీ అనలేదు. ఆయనకి నెలలో సగం రోజుల పని మా కొట్టు మీదుగానే వస్తుంది. వెనక వాటా తలుపులన్నీ మూసుకోకుండా చెక్క ముక్కలు అడ్డం పెట్టి వెళ్లాడు. తన గుమ్మానికి పెట్టిన చెక్క ముక్కని పొద్దున మరదలు కోపంతో కాలితో తన్నేసి, తలుపు విసిరికొట్టింది.

అంతే. వేరు వంటిల్లూ లేదు, పట్టుదలా లేదు. తలుపు పట్టేసింది. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇంట్లో ఇద్దరే. లోపలున్న మనిషి, నేను. ఇద్దరం నోరు మూసుకునే ఉన్నాం. నేనెందుకు మూసుకున్నానో నాకు తెలుసు. ఆమె ఎందుకు మూసుకుందో తెలీదు. అదే నన్ను భయపెట్టింది.

"చూడు," తమ్ముడు మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. "నువ్వు పోయిన వారం ఏమన్నావు? ఈ ఇంట్లో మనకి అన్నీ వెనకవే అన్నావు. వెనక వాటా, వెనక వడ్డన, వెనక మాట. నేనేమన్నాను? అన్నయ్య నాకెప్పుడూ తక్కువ చెయ్యలేదన్నాను. ఇవాళా అదే అంటున్నాను. అన్నయ్య ఇక్కడే ఉన్నాడు, వింటున్నాడు. ఒక్కటి చెప్పు. మనకి ఒకటీ తనకి ఒకటీ చేశాడని ఒక్కటంటే ఒక్కటి చూపించు. ఈ సాయంత్రమే వేరు పడదాం. వంటిల్లు ఒక్కటే కాదు. కొట్టు, ఇల్లు, అన్నీ."

"ఏం మాటలురా అవి?" అన్నాను.

"నువ్వు భయపడకన్నయ్యా. చూపించడానికి ఏముంటేగా."

అంత నమ్మకంగా అన్నాడు. నేను కింద నేల చూశాను. చట్రం కింద చెక్క ముక్క అడ్డంగా పడి ఉంది.

లోపల చిన్న చప్పుడైంది. మంచం కిర్రుమంది.

"ఇలా కాదు" అంది మా ఆవిడ. "మేస్త్రిని పిలిపించండి. గడియ ఊడదీస్తాడు."

"మేస్త్రి ఎందుకు? ఆకలేస్తే తనే తీస్తుంది."

"మధ్యాహ్నం దాటితే గాలి ఇంకా చల్లబడుతుంది. ఆ గదికి వెనక కిటికీ రెక్కలు కూడా మూయలేదు. మూయొద్దన్నది మీరే. మనిషి లోపల వణికిపోతుంటే మేస్త్రి ఎందుకంటారేంటి?"

"బజార్లో నలుగురికీ తెలుస్తుంది."

"తెలిస్తే తెలిసింది. మేస్త్రిని పిలవడానికి మీకెందుకంత బరువు?"

ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ అడిగే ప్రశ్నలు చాలావరకు నేను దాటేయగలను. ఇది దాటేలోగా తమ్ముడు చెప్పులు వేసుకున్నాడు.

"నేనే పిలుచుకొస్తాను. ఆయనిల్లు ఎంత దూరం?"

నా లెక్కలో ఆయనిల్లు పోను పది నిమిషాలు, రాను పది నిమిషాలు. బొటనవేలు తలుపుకి ఆనించడానికి ఒక్క క్షణం. మిగతావి నేను చూసుకోవాల్సినవి.

అందులో మొదటిది ఖాళీ డబ్బాలు.

ఆ ఆరు డబ్బాలూ పెరట్లో రేకుల పాక పక్కన బోర్లించి ఉన్నాయి. మీద కాగితం చిరిగిపోయినా ఏనాటివో పోల్చుకోవచ్చు. తమ్ముడు రోజూ మోసే సరుకే, వాడికి ఒక్క చూపు చాలు. అంతకంటే ముఖ్యం, ఆ ఆరూ వానాకాలంలోనే పారేశానని వాడితో చెప్పి ఉన్నాను.

మా ఆవిడ ముందు వాటాలోకి వెళ్లేదాకా ఆగి, పెరట్లోకి నడిచాను. మూడు డబ్బాలు చంకలో పెట్టుకున్నాను, రెండు వేళ్లకి తగిలించుకున్నాను. ఆరోది ఎలా పట్టుకోవాలా అని వంగాను.

"కాలితో తోసుకెళ్లండి బావగారూ."

తలెత్తాను. వెనక కిటికీ ఊచల అవతల మరదలు నిలబడి ఉంది. భుజాల మీద దుప్పటి. మొహం ఏడ్చినట్టు లేదు. తీరిగ్గా ఉంది. అది ఇంకా కష్టం.

"పాత డబ్బాలమ్మా" అన్నాను. "అడ్డంగా ఉన్నాయని."

"ఐదు రోజుల్నుంచి అడ్డంగానే ఉన్నాయి."

చంకలోంచి ఒక డబ్బా జారి రాళ్ల మీద పడి, దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా ఆమె కిటికీ కిందే ఆగింది. ఈ సరుకు నాకు మూడేళ్లలో ఒక్కసారి కూడా ఇంత చురుగ్గా కదల్లేదు.

"నేను గడియ వేసుకోలేదు" అంది.

"తెలుసు."

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలీలేదు.

"తెలుసా?" ఆమె ఊచల దగ్గరికి వచ్చింది. "ఎప్పట్నుంచి?"

"తమ్ముడు తలుపు తట్టినప్పుడు."

"ఆ చప్పుడు నేనూ విన్నాను. మరి అక్కడే నిలబడి, ఆకలేస్తే తనే తీస్తుంది అన్నారు."

అన్నాను. కాదనడానికేం లేదు. డబ్బాలు కింద పెట్టాను. చేతులు ఖాళీ అయ్యాక ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

"నువ్వు మాత్రం ఎందుకు చెప్పలేదు? తలుపు పట్టేసిందని ఒక్క కేక వేస్తే పోయేదిగా?"

"వేద్దామనే అనుకున్నాను. ఇంతలో ఆయన వచ్చి స్టూలు వేసుక్కూచున్నారు." "పద్నాలుగేళ్లలో నా గుమ్మం ముందు ఆయన అంతసేపు కూర్చోవడం నేనెరగను. మీరు పిలిస్తే కొట్టు, అక్క పిలిస్తే బజారు. తలుపు పట్టేసిందంటే తోసి తెరిచి, చెప్పులేసుకుని వెళ్లిపోయేవారు. గడియ వేసుకున్నాననుకుంటే కూర్చున్నారు. కూర్చోనిచ్చాను."

నాకు ఈ మనిషి మీద పద్నాలుగేళ్లుగా ఒక అంచనా ఉంది. మాట తొందర, ఆలోచన తక్కువ అని. ఆ అంచనా ఎన్ని రకాలుగా తప్పో నిలబడి లెక్కపెట్టుకునే వ్యవధి లేదు.

"సరేనమ్మా. ఇప్పుడు ఏం కావాలో చెప్పు. వేరు వంటిల్లేగా? కట్టిస్తాను. చలి వెళ్లేలోగా."

"అది నిన్నటి దాకా అడిగాను. ఇవాళ అడగట్లేదు."

"కొత్త వార్నిష్ తెప్పిస్తాను. రేపే గీకించి, వెనక వాటా మొత్తం మళ్లీ కొట్టిస్తాను."

"తెప్పించండి. ఎందుకు తెప్పిస్తున్నారో మీ తమ్ముడికి చెప్పి తెప్పించండి."

"మరి నీకేం కావాలి?"

"నాకేమీ వద్దు బావగారూ."

ఎక్కువ అడిగేవాళ్లతో నాకు భయం లేదు. తగ్గించుకుంటూ రావచ్చు. ఏమీ అడగని మనిషి ఎదురైతే నా దగ్గర తూకం రాయే లేదు.

"ఒక్కటి చూపించమన్నారు కదా ఆయన. విన్నారుగా?" ఆమె దుప్పటిలోంచి చెయ్యి తీసి, ఊచల మధ్య నుంచి బయటికి చాపింది. అరచేయంతా ముదురు గోధుమ రంగు మరక. తలుపు లాగబోయి పట్టుకున్నప్పటిది. అంచుల్లో దుప్పటి నూలు అంటుకుని ఉంది. "ఆ ఒక్కటీ ఇదే. మూడు గంటలుగా చేతిలో పట్టుకుని కూర్చున్నాను."

"చూపించొచ్చుగా మరి."

"నేను చూపిస్తే వేరు పడ్డానికి చూపించాననుకుంటారు. మీరు చెబితే నిజమనుకుంటారు. తప్పయిపోయిందిరా అని మీ నోటితో చెబితే మీ తమ్ముడు వేరు పడరు. ఆయన నాకంటే మీకే బాగా తెలుసు."

వీధి గేటు చప్పుడైంది. తమ్ముడి గొంతు, దాని వెనక మేస్త్రి దగ్గు.

నేను డబ్బాల వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

"ఉండనివ్వండి" అంది. "నేనెవరికీ చెప్పను."

మేస్త్రి సంచి కింద పెట్టి, తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు. తట్టలేదు, పిలవలేదు. రెక్కకీ చట్రానికీ మధ్య గీత వెంట గోరు పైనుంచి కిందకి లాగాడు. గోరు వాసన చూసుకున్నాడు. తర్వాత బొటనవేలు ఆనించి, కళ్లు మూసుకుని, నాడి చూసినట్టు చూశాడు.

"ఏంటి మేస్త్రిగారూ, గడియేనా?" మా ఆవిడ అడిగింది.

ఆయన లేవలేదు. మెడ తిప్పి నావైపు చూశాడు.

"ఏం చెయ్యమంటారు యజమానీ? గడియ విప్పమంటారా? వార్నిష్ కొయ్యమంటారా?"

రెండు దారులూ తెరిచి నా ముందు పెట్టాడు. గడియ అంటే ఆయన పలుచటి బాకు లోపలికి దూర్చి, గడియ లేపినట్టు నటించి, పని కానిచ్చేస్తాడు. ఆ నమ్మకం నాకుంది. కానీ లోపల ఒక మనిషి ఉంది. తలుపు తెరుచుకున్నాక గడియ వేసి లేదని చూపించడానికి వేలెత్తితే చాలు. వార్నిష్ అంటే ఎందుకని అడుగుతారు.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. అది నాకు అప్పుడూ తెలుసు. "తమ్ముడూ" అని మొదలుపెట్టాను కూడా. వాడు నావైపు తిరిగాడు. పొద్దుట్నుంచి నలిగిపోయిన ఆ మొహంలో, అన్నయ్య ఏదో దారి చూపిస్తాడన్న ధైర్యం కనిపించింది. అది కనిపించాక నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"వార్నిషే కొయ్యి మేస్త్రీ. వెనక వాటాకి ఎండ తక్కువ కదా. ఆరినట్టు లేదు. తలుపు పట్టేసి ఉంటుంది."

మేస్త్రి తల ఊపాడు. ఆ ఊపులో అవునూ లేదు, కాదూ లేదు.

"పట్టేసిందా?" తమ్ముడు నోరు తెరిచాడు. "అంటే... గడియ వేసుకోలేదా?"

"ఎండ తక్కువైతే అంతే. రెండ్రోజులు వెనకా ముందూ."

బాకు కాస్త వేడి చేసి, గీత వెంట కింద నుంచి పైకి నడిపించాడు మేస్త్రి. అరగంట పట్టింది. చివర్న భుజం ఆనించి తోశాడు. పాత గుడ్డ చింపినట్టు చప్పుడుతో తలుపు తెరుచుకుంది. చట్రం పొడుగునా వేలెడు వెడల్పున వార్నిష్ పొర లేచి, ఉత్త కొయ్య తెల్లగా బయటపడింది.

మరదలు బయటికి వచ్చింది. దుప్పటి కింద చేతులు కట్టుకుని ఉంది.

"నువ్వు... నువ్వు గడియ..." తమ్ముడు తలుపునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

ఆమె నావైపు చూసింది. తక్కెడ ముల్లు ఎటు ఒరిగిందో చూసే చూపు.

"బావగారు చెప్పారుగా. ఎండ తక్కువ" అంది.

తమ్ముడు నవ్వాడు. గట్టిగా, పొట్ట పట్టుకుని, స్టూలు మీద కూలబడి నవ్వాడు. "మూడు గంటలు! మూడు గంటలు ఉత్త తలుపుని బతిమాలాను నేను! చెప్పొచ్చుగా మహాతల్లీ, పట్టేసిందని!"

"ఆవిడకి బాగానే ఉంది, నువ్వు బతిమాలుతుంటే" అంది మా ఆవిడ. ఆవిడ మొహంలో కూడా నవ్వు మొదలైంది. "రామ్మా, ఆ పెదాలేంటి, చలికి అలా వాడిపోయాయి. ముందుకి రా, వేడిగా టీ పెడతాను. పొద్దున నేనేదో అన్నాను, మనసులో పెట్టుకోకు."

అప్పటికి నా లెక్క ఇది. ఇల్లు నిలబడింది. తమ్ముడు నవ్వాడు. ఇద్దరాడవాళ్లు మాట్లాడుకున్నారు. నా నోట్లోంచి పోయింది ఒక సగం అబద్ధం, అది కూడా ఎండ మీద వేసి. ఇంత తక్కువకి ఇంత లాభం నా జన్మలో చూడలేదు.

"చూశావా?" తమ్ముడు పెళ్లాంతో అంటున్నాడు, ముందు వాటా వైపు నడుస్తూ. "అన్నయ్య ఏం చేసినా మనకి..."

నడిమి తలుపు దగ్గర ఆగిపోయాడు.

నడిమి తలుపంటే ముందు వాటాకీ వెనక వాటాకీ మధ్య ఉన్నది. మా నాన్న హయాం నుంచి అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఒకటే రెక్క, ముందు వాటాలోకి తెరుచుకుని గోడ వారగా నిలబడి ఉంటుంది. వాడు నవ్వుతూ నడుస్తూ, అలవాటుగా ఆ రెక్క అంచు మీద చెయ్యి వేశాడు. నాలుగు వేళ్లు ఇటు, బొటనవేలు అటు.

చెయ్యి తీశాడు. వేళ్ల వైపు చూశాడు. బొటనవేలి వైపు చూశాడు.

తర్వాత మేస్త్రి చేసినట్టే చేశాడు. ముందు వాటా వైపు ముఖానికి బొటనవేలు ఆనించి నొక్కాడు. గాజులా ఉంది. చుట్టూ తిరిగి, వెనక వాటా వైపు ముఖానికి ఆనించి నొక్కాడు. పైపొర ముడతపడి, వేలు గుంట మిగిలింది.

ఆ తలుపు దగ్గర మేస్త్రి కుంచె పట్టుకుని నన్ను అడిగిన మాట నాకు గుర్తుంది. దీనికి ఏ డబ్బా యజమానీ అని. ఇటు వైపు ఇది, అటు వైపు అది అన్నాను. అడగ్గానే, ఆలోచించకుండా అన్నాను.

"అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. నవ్వు పూర్తిగా పోయింది గానీ, కోపం ఇంకా రాలేదు. "ఈ తలుపుకి ఎండ ఎక్కడ తగుల్తుంది?"

మేస్త్రి సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఇల్లంతటికీ మధ్యలో ఉంది. ఇటూ ఎండ లేదు, అటూ లేదు." బొటనవేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొట్లో పెరిగినవాడు, వాసన చెప్పేస్తుంది. "ఆ ఆరు డబ్బాలు పారేశానన్నావు."

"వృథా అవుతాయని..."

"ఒక్క తలుపుకి రెండు డబ్బాలా అన్నయ్యా?"

వెనక వాటాకంతా పాతదే వేశానన్నా వాడు తట్టుకునేవాడేమో. సరుకు చాల్లేదనుకునేవాడు. ఒకే చెక్కకి, మా వైపు ఒకటీ వాడి వైపు ఒకటీ ఎంచి వేశానన్నది వాడికి మింగుడు పడలేదు. అయినా వాడి గొంతు పెరగలేదు.

"ఏమైందండీ?" మా ఆవిడ అడిగింది. ఆవిడకి నిజంగా తెలీదు. "రెండు డబ్బాలేంటి?"

"నేను చెబుతాను కూర్చో. తమ్ముడూ, నువ్వు కూడా..."

"మేస్త్రిగారూ, మీరు వెళ్లండి" అన్నాడు తమ్ముడు మర్యాదగా. "ఈ పనికి మిమ్మల్ని మళ్లీ పిలవాల్సి వస్తుంది."

మేస్త్రి వెళ్లిపోయాడు. పోతూ నావైపు చూడలేదు.

మరదలు అప్పటిదాకా గోడకి ఆనుకునే ఉంది. "మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి" అంది భర్తతో, నెమ్మదిగా. "నేనేమీ అడగలేదు."

"నువ్వు అడగలేదు. నేనే అన్నాను. ఒక్కటి చూపించమని." వాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అరచెయ్యి తిప్పి మరక చూశాడు. తన బొటనవేలు దాని పక్కన పెట్టుకుని, రెండూ ఒకటే రంగని చూశాడు. ఆమెని వెనక వాటాలోకి దాటించి, తనూ దాటాడు. అటు వైపు నుంచి చెయ్యి చాపి, నడిమి తలుపు రెక్క పట్టుకున్నాడు.

"ఒరేయ్, అది మూయకు. పచ్చిగా ఉంది, పట్టేస్తుంది" అన్నాను.

"తెలుసన్నయ్యా."

లాగాడు. కీళ్లకి అలవాటు లేక మూలిగాయి. రెక్క చట్రంలో కూర్చునేటప్పుడు తడి పెదవులు కలిసినట్టు చిన్న శబ్దం వచ్చింది. అంతే. గడియ వెయ్యలేదు. ఆ చప్పుడు పడితే నాకు తెలుస్తుంది.

మధ్యాహ్నపు చల్లగాలి కిటికీల్లోంచి వస్తోంది. ముందు వాటాలో తలుపులన్నీ నిగనిగలాడుతున్నాయి.

"గడియ పెట్టుకున్నాడా?" మా ఆవిడ అడిగింది.

"లేదు."

"మరి లాగండి. చూస్తారేంటి? ఇప్పుడు లాగితే వస్తుంది."

నిజమే. ఇంకో గంట దాకా వస్తుంది. ఆ తర్వాత బాకు కావాలి, మేస్త్రి కావాలి. ఎల్లుండికి ముసురు పడితే కొయ్య ఉబ్బి, బాకుకీ లొంగదు. లాగడానికి ఒక్క చెయ్యి చాలు. లాగాక అనాల్సిన మాట ఒకటుంది. ఆ మాట మరదలు నాకు పెరట్లో చెప్పే ఉంచింది.

తలుపు మీద అరచెయ్యి పెట్టాను. అవతల కూడా ఎవరో నిలబడి ఉన్నట్టుంది. అడుగుల చప్పుడు దూరంగా వెళ్లడం నేను వినలేదు.

పొద్దున్న చేతిలో ఉన్నవాటిలో మిగిలినవి చూసుకున్నాను. ముందు వాటా తలుపులు ఆరు, అన్నీ ఎండినవే. పొడి రోజులు రెండు, అందులో ఒకటి అయిపోతోంది. ఆరు పాత డబ్బాలు వృథా పోలేదు. అది లాభం కిందే వస్తుంది.

ఇంకా లాగలేదు. చెయ్యి తీసి చూసుకున్నాను. మా వైపు వార్నిష్ మంచిది. నా చేతికి ఏమీ అంటలేదు.